నల్ల బెల్లం, పచ్చ ముద్ర



తిరుత్తణి కొండ కింద బజారులో బెల్లం అంగడి ముందు కాసేపు నిలబడండి. రెండు రాశులు కనిపిస్తాయి. ఒకటి బంగారు రంగులో మెరిసిపోతుంటుంది. రెండోది ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. మన పెద్దల కాలంలో ఆ నల్లదాన్ని పశువుల దాణాలో కలపడానికి కొనేవాళ్లు. ఇంకో పనికీ కొనేవాళ్లు, అది రేడియోలో చెప్పే పని కాదు. పండక్కి పొంగలి పెట్టాలంటే మాత్రం పసుపు బెల్లమే కావాలి. ఇప్పుడు వరస తిరగబడింది. "నల్లది ఉందా అన్నా? మందు కలపనిదేనా?" అని అడిగి మరీ, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇచ్చి తీసుకుపోతున్నారు.

ఈ మార్పుకు కారణం ఉంది. చెరకు రసం కాగేటప్పుడు మడ్డి తేలడానికి వెనకటికి బెండచెట్టు జిగురో, కాస్త సున్నమో వేసేవాళ్లు. తరవాత హైడ్రోస్ అనే పొడి వచ్చింది. సోడియం హైడ్రోసల్ఫైట్ అన్నమాట. పిడికెడు వేస్తే పాకం పసుపుపచ్చగా తేరుకుంటుంది, మార్కెట్లో ధర పలుకుతుంది. ఆ రంగుకు అలవాటుపడ్డ కొనుగోలుదారే దాన్ని అడిగి అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు అదే కొనుగోలుదారు దాన్ని చూసి భయపడుతున్నాడు.

అయితే నలుపు చూసి నిశ్చింతగా ఉండడానికీ లేదు. ముదురు రంగు మహా అయితే హైడ్రోస్ వెయ్యలేదేమో అని చెబుతుంది. చెరకు తోటకు యూరియా ఎంత పోశారు, కలుపు మందు ఎన్నిసార్లు కొట్టారు అన్నది చెప్పదు. నాసిరకం బెల్లమూ నల్లగానే ఉంటుంది, నిలవపడి చెమ్మ తగిలిన బెల్లమూ నల్లబడుతుంది. తిరువాలంగాడు సహకార చక్కెర మిల్లు చుట్టుపక్కల, అటు పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు చెరకు పండించే ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. కొనేవాళ్లకే తెలియదు.

మరి ఏం తెలిసి, ఏం నమ్మి మనం ఆర్గానిక్ అన్న సరుకు వైపు చెయ్యి చాస్తున్నాం? ఈ పూట మాట్లాడదలచుకున్నది దాని గురించే.

భూమి మీద ప్రేమతో కొంటున్నాం అని చాలామంది అంటారు. నాకు అంత నమ్మకం లేదు. మన తిరువళ్లూరు జిల్లాలోనే దానికి సాక్ష్యాలు ఉన్నాయి. తిరువళ్లూరు వీరరాఘవస్వామి గుడి కోనేరు, హృత్తాపనాశిని, మీకందరికీ తెలిసిందే. అమావాస్య నాడు జనం బెల్లం తెచ్చి ఆ నీళ్లలో వేస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరిగిపోవాలని మొక్కు. ఆ బెల్లం నల్లదా, పచ్చదా అని అడిగే మనిషి నాకింతవరకూ తగల్లేదు. అది మన కడుపులోకి పోయేది కాదు గదా!

ఇంకా పెద్ద సాక్ష్యం పూలు. ఆడికృత్తికకు తిరుత్తణి మెట్లన్నీ పూల కావళ్లతో నిండిపోతాయి. మల్లెకు మొగ్గ తొలిచే పురుగు బెడద ఎక్కువ, దానికి తోటల్లో గట్టి మందులే కొడతారు. తెల్లవారకముందే ఆడవాళ్లు ఉత్త చేతులతో ఆ మొగ్గలు కోస్తారు. మనం వాటిని తల్లో పెట్టుకుంటాం, దేవుడికి వేస్తాం. "మందు లేని పూలున్నాయా?" అని అడగం. అదే మనిషి పక్క అంగట్లో వంకాయ చేతిలోకి తీసుకుని పదిసార్లు తిప్పి చూస్తాడు. నోట్లోకి పోయేదాని మీదే మన జాగ్రత్త అంతా. దీన్ని తప్పుపట్టడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. వినియోగదారుల మీద జరిగిన చాలా పరిశోధనల్లో ఆరోగ్యమే ముందు వరసలో వస్తుంది. పర్యావరణం దాని వెనకే వస్తుంది.

ఇంట్లో ఈ అలవాటు ఎప్పుడు మొదలవుతుందో కూడా గమనించండి. కోడలు నీళ్లోసుకుంటే మొదలవుతుంది. పసిబిడ్డకు అన్నప్రాశన చేసి, రాగిజావ పట్టడం మొదలుపెట్టినప్పుడు మొదలవుతుంది. నాన్నకు చక్కెర వ్యాధి అని తేలినప్పుడు, పక్కింట్లో ఎవరికో కేన్సర్ అని విన్నప్పుడు మొదలవుతుంది. జబ్బుకూ తిండికీ ముడి ఉందో లేదో ఎవరూ తేల్చి చెప్పకపోయినా, చేతిలో ఉన్నది అదొక్కటే కాబట్టి దాన్ని మార్చుకుంటారు. 2013 జులైలో బీహారులో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. అలాంటి వార్త తల్లుల మనసుల్లోంచి అంత త్వరగా పోదు.

ఇక్కడ లెక్కలు కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే భయానికి కొలత ఉండాలి. కేంద్ర ప్రభుత్వం ఏటా కూరగాయలు, పండ్లు, ధాన్యం, పాల నమూనాలు తీసి పురుగుమందుల అవశేషాలు పరీక్ష చేయిస్తుంది. 2014-15లో 20,618 నమూనాలు చూశారు. 18.7 శాతంలో ఏదో ఒక మందు ఆనవాలు దొరికింది. అనుమతించిన పరిమితి దాటినవి 2.6 శాతం. అంటే మార్కెట్లో ఉన్నదంతా విషం అనడం అబద్ధం. అలాగని అంతా క్షేమం అనడానికీ వీల్లేదు, ఎందుకంటే ఆ నమూనాల్లో పన్నెండు శాతానికి పైగా అసలు ఆ పంటకు అనుమతే లేని మందులు కనిపించాయి.

పోషకాల మాటేమిటి? 2012లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 237 అధ్యయనాలను కలిపి చూశారు. ఆర్గానిక్ తిండిలో విటమిన్లు గట్టిగా ఎక్కువ ఉన్నాయనడానికి ఆధారం దొరకలేదన్నారు. మందుల అవశేషాలు మాత్రం తక్కువే అన్నారు. రెండేళ్లకు ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 343 పరిశోధన పత్రాలు ముందేసుకుని, యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం అనే లోహం తక్కువ అని తేల్చారు. విటమిన్ల తగవు ఇంకా తీరలేదు. రెండు పక్షాలూ ఒప్పుకున్నది అవశేషాలు తక్కువ అన్న ఒక్క మాట. కాబట్టి బలం కోసం ఆర్గానిక్ కొనేవాళ్లు కాస్త ఆశపడుతున్నట్టే. మందు తగ్గించుకుందామని కొనేవాళ్లు సరైన కారణానికే కొంటున్నట్టు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చీర కొనేటప్పుడు వేళ్లతో తడిమి చూస్తాం, నచ్చితే తీసుకుంటాం. మామిడిపండు అలా కాదు, కోసి తింటే గాని తీపో పులుపో తెలియదు. తింటే మాత్రం తెలుస్తుంది. ఇంకో రకం సరుకు ఉంది. కొనేముందూ తెలియదు, తిన్నాకా తెలియదు, ఏడాది తరవాతా తెలియదు. 1973లో డార్బీ, కార్నీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ మూడో రకాన్ని విడదీసి చూపించారు. ఇక్కడ సరుకు కన్నా ముందు మనిషిని నమ్మాలి. మందు కొట్టని వంకాయా, కొట్టిన వంకాయా నాలుక మీద ఒకటే. పురుగు పట్టిన వంకాయ మందు లేనిదే అయ్యుంటుందని కొందరు ఏరి ఏరి పుచ్చులు కొంటారు. పాపం, ఆ పురుగు మందుకు అలవాటుపడిన పురుగు కూడా కావచ్చు.

తిరుత్తణికీ తిరువళ్లూరికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ వేరుశనగ, వంకాయ, బెండకాయ పండించినవాళ్లే తట్టలో తెచ్చి కూర్చుంటారు. "ఫలానా నాయుడుగారి తోటలోది" అంటే చాలు. ఆయన బావి ఎక్కడుందో, ఆయనకెన్ని ఆవులున్నాయో, పోయినేడు ఆయన ఏం మందు కొట్టాడో కొనేవాళ్లకు తెలుసు. తెలియకపోతే కనుక్కోగలరు. ఇటు తిరువళ్లూరు చెన్నై లోకల్ రైలు పట్టాల మీద ఉంది. పొద్దున ఏడింటికి ఎక్కి రాత్రి ఎనిమిదింటికి దిగే మనిషికి తోట ఎక్కడ, తోటమాలి ఎక్కడ? మన జిల్లా చేలల్లో పండిన కూర చెన్నైలోని కోయంబేడు మార్కెట్టుకు పోయి, అక్కడ చేతులు మారి, మళ్లీ ఇక్కడికే సంచిలో వస్తుంది. మధ్యలో ఎవరి పేరూ మిగలదు. ఆ ఖాళీలోకే ముద్ర వచ్చి కూర్చుంది. ముద్ర అంటే తెలియని రైతు తరఫున మూడో మనిషి ఇచ్చే హామీ.

ఆ హామీల్లో ఏది ఎంతవరకు పనికొస్తుందో కాస్త నిదానంగా చెబుతాను. పొట్లం మీద పచ్చని ఆకు బొమ్మ, "నేచురల్" అనో, "ఫార్మ్ ఫ్రెష్" అనో, అరవంలో "ఇయర్కై" అనో రాసి ఉంటే అది అంగడివాడి మాట మాత్రమే. దాని వెనక తనిఖీ ఉండాలని లేదు. 2001 నుంచి అమల్లో ఉన్న కేంద్ర వాణిజ్య శాఖ పథకం కింద తనిఖీ చేసి ఇచ్చేది ఇండియా ఆర్గానిక్ ముద్ర. ఎగుమతుల కోసం పుట్టిన పద్ధతి అది. తమిళనాడులో దీనికి కోయంబత్తూరు కేంద్రంగా ప్రభుత్వ ధ్రువీకరణ శాఖే ఉంది. ఆహార భద్రతా సంస్థ వాళ్లు తెచ్చిన జైవిక్ భారత్ గుర్తు 2018 జులై నుంచి చట్టం కిందికి వచ్చింది. 2025 జనవరిలో ఈ రెండింటినీ కలిపి ఒకే గుర్తు చేస్తున్నట్టు ప్రకటించారు. ఇవన్నీ దూరం పోయే సరుకు కోసం. రైతు కట్టాల్సిన రుసుములు, రాయాల్సిన రికార్డులు చాలా ఉంటాయి. ఎకరన్నర ఉన్నవాడికి ఆ కాగితాలే ఒక పంట.

కాగితాలకూ తెగులు పడుతుంది, ఆ మాటా చెప్పాలి. మన సేంద్రియ తనిఖీని గుర్తించే ఒప్పందాన్ని 2021లో అమెరికా వ్యవసాయ శాఖ ముగించుకుంది. మన ముద్ర ఒక్కటే చాలదు, మా పద్ధతిలో మళ్లీ తనిఖీ కావాలంది. ముద్ర ఉన్నంతమాత్రాన కళ్లు మూసుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఇక పర్యావరణ ముద్రలంటారా, మన దేశం 1991లోనే ఎకోమార్క్ అని ఒకటి పెట్టింది. దాని గుర్తు మట్టికుండ. ఎంత చక్కని గుర్తు! సబ్బులు, కాగితం దగ్గర్నుంచి చాలా రకాల సరుకులకు ఇవ్వవచ్చన్నారు. ఇన్నేళ్లలో ఆ కుండ బొమ్మ ఉన్న సరుకు మీలో ఎంతమంది కొన్నారు? తయారీదారులు అడగలేదు, మనమూ అడగలేదు. 1978లో జర్మనీ వాళ్లు పెట్టిన బ్లూ ఏంజెల్ అక్కడ ఇంటింటికీ తెలుసు. మన కుండ మూలనపడి, 2024లో కొత్త నియమాలతో మళ్లీ బయటికొచ్చింది. భూమి బాగు కోసం మాత్రమే ఉన్న ముద్రకు మన బజారులో పట్టిన గతి ఇది. ఇందాక పూల సంగతి చెప్పింది ఇందుకే.

భయం ఒక్కటే కారణం అంటే అది అన్యాయం అవుతుంది. ఇంకోటి ఉంది, పాత రుచి మీద మమకారం. తిరుత్తణి దగ్గర దీనికి ప్రత్యేకమైన దారి ఉంది. వల్లీదేవి కొర్రచేనుకు కాపలా కాసి, ఒడిసెలతో పిట్టల్ని తోలిందని కథ. ఆమెను పెళ్లాడిన స్వామి వచ్చి నిలిచింది ఈ కొండ మీద. తేనె, కొర్రపిండి ఆయనకు ఇష్టమైన నైవేద్యం. ఇప్పుడు ఆర్గానిక్ అని అచ్చేసిన కొర్రల పొట్లాలు బజారులో విరివిగా దొరుకుతున్నాయి. నన్నడిగితే, డబ్బులు చూసుకుని ఖర్చుపెట్టే ఇంటికి ముద్ర అవసరం తక్కువ ఉన్నది ఈ చిరుధాన్యాలకే. కొర్రకు, సామకు మామూలుగానే మందుల అవసరం తక్కువ. పైసలు పెట్టాల్సింది పచ్చిమిరప, వంకాయ, కాలీఫ్లవర్, ద్రాక్ష దగ్గర.

వరి సంగతి మరీ ఆసక్తికరం. కరుప్పు కవుని, మాప్పిళ్లై సాంబా లాంటి పాత రకాలకు ఇవాళ గిరాకీ వచ్చిందంటే, 174 పాత వరి రకాలను సేకరించి పంచిన నెల్ జయరామన్ లాంటివాళ్ల పుణ్యం. ఆయన 2018 డిసెంబరులో పోయారు. అయితే తిరువళ్లూరుకు కూతవేటు దూరంలో తిరూరు వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన టీకేఎం 6 అనే రకానికి కాండం తొలిచే పురుగును తట్టుకునే గుణం ఉంది. ఫిలిప్పీన్స్‌లో తీసిన ఐఆర్ 20కీ, కటక్‌లో తీసిన రత్నకూ అదే ఒక తల్లివేరు. మందు డబ్బా పట్టకుండా పురుగును ఎదుర్కునే బలం మన జిల్లా గింజలోంచి ఎంతో దూరం పోయింది. ఏ పొట్లం మీదా ఆ పేరు కనపడదు. మనకు ముద్ర చదవడం వచ్చింది గాని, విత్తనం పేరు అడగడం ఇంకా రాలేదు.

ధర మాటకొస్తే, ఆర్గానిక్ సరుకు ఖరీదు ఎక్కువని అందరూ అంటారు. మంచిదే అని ఒప్పుకుని కూడా కొననివాళ్లే ఎక్కువ. వాళ్లను నేను తప్పుపట్టను. నెల జీతంలో నలుగురిని పోషించాల్సిన ఇంట్లో కిలో బియ్యానికి రెట్టింపు పెట్టమనడం ఎవరికి న్యాయం? కానీ ఆ ధర వెనక కొనేవాళ్లకు కనపడని ఒక కాలం ఉంది. రసాయనాలు మానేసిన రైతుకు ఆ మర్నాడే ముద్ర రాదు. ఏడాది పంటలకు రెండేళ్లు, మామిడి లాంటి తోటలకు మూడేళ్లు ఆగాలి. ఆ రెండు మూడేళ్లూ దిగుబడి తగ్గుతుంది, ఎరువు మానిన నేల తేరుకోవాలి. ధర మాత్రం మామూలు ధరే. ఒక్క ఏడాదిలో అందరి చేతా మాన్పిద్దామని 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, పంటలు పడిపోయి, ఆ నవంబరుకే వెనక్కి తగ్గింది. మారడానికి పట్టే కాలాన్ని దాటేయడం ఎవరి వల్లా కాదు.

ఆ కాలంలో ఉన్న రైతును గుర్తుపట్టడానికీ ఒక ముద్ర ఉంది. దాని సంగతి తక్కువమందికి తెలుసు. కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే పీజీఎస్ ఇండియా పద్ధతిలో కనీసం అయిదుగురు రైతులు ఒక జట్టు కడతారు. ఒకరి పొలం ఒకరు చూస్తారు, ఒకరికొకరు పూచీ పడతారు. బయటి సంస్థకు ధ్రువీకరణ రుసుము కట్టక్కర్లేదు. మారే దశలో ఉన్న పంటకు పీజీఎస్ గ్రీన్ అనీ, పూర్తిగా మారినదానికి పీజీఎస్ ఆర్గానిక్ అనీ రెండు గుర్తులు. అందరూ రెండోది వెతుకుతారు. నా మటుకు నేను మొదటిదే వెతుకుతాను. మన డబ్బు అక్కరకొచ్చేది ఆ రైతుకే. గట్టెక్కినవాడికి కొనేవాళ్లు ఎలాగూ ఉంటారు.

హద్దు అవతల ఆంధ్రలో ఏం జరుగుతోందో కూడా మనకు వినపడుతూనే ఉంది. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి ఇటు వచ్చినా, నగరి నుంచి కూరలూ చుట్టాలూ రావడం ఆగలేదు. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయాన్ని రైతు సాధికార సంస్థ నడిపిస్తోంది. ఊరి ఆడవాళ్ల పొదుపు సంఘాలే దానికి పట్టుగొమ్మలు. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. 2021 మేలో తిరుమలలో స్వామి నైవేద్యానికి ఆవు ఆధారంగా పండించిన బియ్యం, పప్పులు వాడడం మొదలుపెట్టారు. ఆ వార్త వచ్చాక మా వైపు బియ్యం అంగళ్లలో "కొండమీదికి పోయే రకం ఉందా?" అని అడిగేవాళ్లు బయల్దేరారు. ఏ సర్కారు ముద్రా చెయ్యలేని పని అది. మన దగ్గర తమిళనాడు ప్రభుత్వం కూడా 2023 మార్చిలో సేంద్రియ వ్యవసాయ విధానం ప్రకటించింది. అది చేలల దాకా ఎంత వేగంగా వస్తుందో చూడాలి.

మనం కొన్నదాని వల్ల ఎక్కువ మేలు ఎవరికి? అవశేషం మన పళ్లెంలోకి వచ్చేసరికి చిటికెలో చిటికె. వీపున డబ్బా వేసుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, గాలికి ఎదురుగా నడుస్తూ కొట్టేవాడి ఒంట్లోకి పోయేది దానికి ఎన్నో రెట్లు. కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డ కూలీలు మన పల్లెల్లో కొత్త కాదు. మందు లేని కూర కొన్న తల్లి తన బిడ్డ కోసమే కొంటుంది. ముందుగా బాగుపడేవి ఆ కూలీ ఊపిరితిత్తులు. ఆమెకు ఆ సంగతి తెలియకపోయినా ఫరవాలేదు.

ముద్ర లేని తట్ట ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో చెప్పి ముగిస్తాను. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉండి, తాను పండించింది తానే నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు ముద్ర తప్పనిసరి కాదని చట్టమే చెబుతోంది. ఆ గుర్తు వాడుకోకూడదు, అంతే. ఎదురుగా మనిషి ఉన్నాడు గదా, అడిగి తెలుసుకోమని దాని భావం. అయితే "ఇది ఆర్గానికేనా?" అని అడగొద్దు. ఎవరైనా అవుననే అంటారు. "ఆఖరిసారి ఎప్పుడు కొట్టావు నాయనా, ఏం కొట్టావు?" అని అడగండి. ప్రతి మందుకూ కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని లెక్క ఉంటుంది. అది డబ్బా మీదే రాసి ఉంటుంది. ఒకాయన "నేనసలు మందు ముట్టనమ్మా" అని గబుక్కున అనొచ్చు. పక్కనున్న ఇంకొకాయన కాసేపు ఆలోచించి, "నాటిన కొత్తలో పేనుబంక వస్తే వేపనూనె కొట్టినా. తగ్గలేదు, ఒక్కసారి మందు వేసినా. అది జరిగి నెల దాటిందక్కా" అనొచ్చు. ఈ రెండో ఆయన వంకాయకు ఏ సంస్థా పచ్చ ముద్ర వెయ్యదు. కూర ఆయన దగ్గరే తీసుకోండి. వచ్చే వారం మళ్లీ ఆయన దగ్గరికే పోయి, ఈసారి వేపనూనెతో ఆగగలిగాడో లేదో అడగండి.